బ్రేకులు అక్కర్లేని ఊరు

మా మనవరాలు గదిలో కూర్చుని ఇంగ్లాండు కొండలెక్కుతోంది. వెనక చక్రం విప్పేసిన సైకిల్ని ఒక ఇనప స్టాండుకి బిగించి, ఎదురుగా టీవీ పెట్టుకుంది. తెర మీద సన్నటి తారు రోడ్డు, రెండు వైపులా రాళ్లు పేర్చిన పొట్టి గోడలు, గోడల అవతల గొర్రెలు, వాటి వెనక వరసగా పచ్చటి కొండలు. రోడ్డు పైకి లేచినప్పుడల్లా ఇక్కడ పెడల్ దానంతటదే బిగుసుకుంటుందట. ఫ్యాను ఫుల్లుగా తిరుగుతున్నా పిల్ల చెమటతో తడిసి ముద్దయింది.

"అమ్మమ్మా, దేఖో! ఇది అన్నింటికన్నా ఖతర్నాక్ చఢాయి. అక్కడోళ్లే దిగి తోసుకుంటూ ఎల్తారంట," అంది రొప్పుతూ.

నేను తలుపు దగ్గర నిలబడి కాసేపు చూశాను. రోడ్డు కొండ నెత్తికెక్కి అవతలివైపు జారడం మొదలెట్టింది. గోడలు, గొర్రెలు సర్రున వెనక్కి పోతున్నాయి. పిల్ల చేతులు వదిలేసి నీళ్లు తాగుతోంది.

"దిగినప్పుడు బ్రేకెయ్యవేటే?" అన్నాను.

"బ్రేక్ క్యోం, అమ్మమ్మా? ఇంట్లోనే కదా ఉన్నాను. గిర్నా థోడీ హై!"

పడేదేం లేదు కదా అని దాని ధీమా. మా నాన్న కూడా బ్రేకులెందుకు అనేవాడు. కాకపోతే ఆయన ఇంట్లో కూర్చుని తొక్కలేదు.

హిందీవాళ్ల దేశంలో ఉక్కు ప్లాంటు కోసం కట్టిన మా ఊరు బల్లపరుపుగా ఉంటుంది. మరోదా అనే పేటలో మా క్వార్టరు ముందు రోడ్డు మీద నిమ్మకాయ పెడితే ఎవరో తన్నేదాకా అక్కడే ఉండేది. ప్లాంటు కట్టినవాళ్లు రోడ్లు కూడా స్కేలు పెట్టి గీసినట్టు వేశారు. షిఫ్టు మారే వేళకి ఆ రోడ్ల నిండా సైకిళ్లే. హ్యాండిలుకి టిఫిను డబ్బా, నెత్తిన ఇనప టోపీ, నోట్లో ఏ భాషదో ఒక పాట. ఆ సైకిళ్లలో సగానికి బ్రేకులుండేవి కావు. కొన్నప్పుడు ఉండేవే. రబ్బర్లు అరిగిపోయాక మళ్లీ ఎవరూ వేయించేవారు కాదు, చక్రానికి రాసుకుంటున్నాయని కొందరు ఊడబీకి పారేసేవారు. ఆపాలంటే కుడికాలు ముందుకి చాచి టైరు మీద చెప్పు ఆనించడమే.

ఆ చెప్పులు మామూలువి కావు. ప్లాంటులో అరిగిపోయిన కన్వేయర్ బెల్టు ముక్కలు బయటికొచ్చేవి. క్యాంప్ 2 అనే కూలీల పేటలో వాటిని కోసి అట్టలు వేసి చెప్పులు కుట్టేవారు. ఒక్కో చెప్పు ఇటుకంత బరువు. అది టైరుని పట్టుకుందంటే సైకిలు కిర్రుమని మూలిగి నిలబడిపోయేది, ఆ వెంటే కాలిన రబ్బరు వాసన. సాయంత్రాలు ప్లాంటులో బొగ్గు మాడ్చే కోక్ ఓవెన్ల వైపు నుంచి గాలి వీస్తే ఊరంతా కుళ్లిన గుడ్ల కంపు కొట్టేది. ఆ కంపులోంచి ఈ రబ్బరు వాసన విడిగా పట్టి, నాన్న వచ్చాడని అమ్మ కంటే ముందు నేను చెప్పేదాన్ని. ఒకసారి నాన్న నిద్రపోతుంటే ఆ చెప్పులు వేసుకుని, స్టాండు మీదున్న సైకిలు చక్రం తిప్పి తిప్పి ఆపడం నేర్చుకున్నాను. నేర్చుకోవడం బాగానే ఉంది గానీ మర్నాడు నా హవాయి చెప్పుతో అదే విద్య చూపించబోతే చెప్పుకి కన్నం పడింది. అమ్మ ఆ చెప్పుతోనే నాకు రెండు తగిలించింది.

ఇంట్లో బ్రేకులున్న సైకిలు మా అప్పది ఒక్కటే. మా విజయనగరం వైపు అక్కని అప్ప అంటాం. చీర కట్టుకున్న మనిషి కాలు చాచి టైరు మీద పెట్టలేదు కాబట్టి ఆ మినహాయింపు. "బ్రేకులు ఆడోళ్లకి," అని నాన్న వేళాకోళం చేసేవాడు. అప్ప నాకంటే బాగా పెద్దది. నాకు జడలు వేసేది, లెక్కలు చెప్పేది, పొద్దున్నే నన్ను కేరియరు మీద కూర్చోబెట్టుకుని స్కూలు దగ్గర దింపేది. టీచరు ట్రైనింగు పూర్తి చేసి ఇంట్లో ఉంది. నా లెక్క ప్రకారం అప్ప ఎప్పటికీ అలా ఇంట్లోనే ఉంటుంది.

ఎండలు ముదరబోయే రోజుల్లో దానికి ఉద్యోగం వచ్చింది. ఊళ్లో కాదు, ఇనప రాయి తవ్వే కొండల్లో. మా ప్లాంటుకి రాయి అక్కణ్నుంచే వస్తుంది. ఆ గనుల ఊళ్లో మా పెద్దమ్మ వాళ్లుండేవారు కాబట్టి ఉండటానికి చోటుంది. చిక్కంతా ఏమిటంటే, స్కూలు ఆ ఊళ్లో లేదు. ఘాట్ రోడ్డెక్కి పైన ఇంకో పల్లెకి పోవాలి. బస్సు లేదు. రోజూ సైకిలు మీద ఎక్కి, సైకిలు మీద దిగాలి.

మా ఇంట్లో ఆఖరి మాట నానమ్మది. ఆవిడ అడ్డపొగ కాల్చేది, అంటే చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. నిప్పు నోట్లో ఉండగా మాట్లాడటం కుదరదు గనక రోజంతా ఊఁ, ఊహూఁలతో గడిపేసేది. చుట్ట బయటికి తీసిందంటే తీర్పు చెప్పబోతోందని ఇంటిల్లిపాదీ నోరు మూసుకునేవాళ్లం. ఆ వేళ మాత్రం అదేపనిగా బయటే పెట్టుకుంది.

"ఏటే గుంటా, కొండల్లోకి ఎల్తావేటి? ఆడ ఎలుగుబంట్లు తిరుగుతాయంట. ఇక్కడ సెక్టార్లో ఇస్కూళ్లు లేవేటి?"

"ఉన్నాయి నానమ్మా. ఆళ్లు నాకు ఉద్యోగం ఇవ్వనేదు. ఈళ్లిచ్చినారు."

"ఆడపిల్లవి, ఒక్కర్తివీ, ఆ అడివిలో సైకిలు తొక్కుకుంటూ... మీ అయ్య ఒప్పుకున్నా నానొప్పుకోను."

అప్ప ఏడవలేదు, అరవలేదు. ఆ రోజు అన్నం మానేసింది. మర్నాడూ మానేసింది. మా ఇంట్లో ఎవరైనా తిండి మానేస్తే నానమ్మ తట్టుకోలేకపోయేది. ఆఖరికి ఒక రాజీ కుదిరింది. నాన్న తన సైకిలు మీద, అప్ప తన సైకిలు మీద ఆ రోడ్డంతా ఒకసారి పోయి రావాలి. వచ్చాక రోడ్డు బాగుందని నాన్న అంటే అప్ప వెళ్తుంది. బాగోలేదంటే ఇంక ఆ ఊసెత్తకూడదు. అప్ప సరేనంది. నన్ను కూడా తీసుకుపోవాలని నేను దొర్లి దొర్లి ఏడిస్తే, పోనీ తీసుకుపోండన్నారు.

బయల్దేరే ముందు రోజు అప్ప సైకిలు బోర్లించి కొత్త బ్రేకు రబ్బర్లు వేసుకుంది. గొలుసుకి నూనె పెట్టింది. నాన్న అదే వరండాలో కూర్చుని తన తోలు చెప్పులకి పాలిష్ పెట్టుకున్నాడు. హెడ్మాస్టరుని కలవాలి, బెల్టు చెప్పులతో పోతే ఏం మర్యాద అని. ఆ రోజు ఇంట్లో అందరం ఆ చెప్పుల మెరుపు చూసి మెచ్చుకున్నాం. వాటి అట్ట ఎంత నున్నగా ఉందో ఒక్కరం కూడా చూడలేదు. కొండ అంటే ఎత్తని తెలుసు గానీ ఎక్కినది దిగాలన్న సంగతి ఆ బల్లపరుపు ఊళ్లో ఎవరికీ తట్టలేదు.

మరోదా స్టేషన్లో పొద్దున్నే ప్యాసింజరు ఎక్కాం. సైకిళ్లు గార్డు డబ్బాలో పెట్టించాం. నానమ్మ మినపరొట్టెలు, బెల్లం, ఆవకాయ కట్టిచ్చింది. రైలు ప్రతి చిన్న స్టేషన్లోనూ ఆగి, ఎర్ర రాయి నింపుకుని ఎదురొచ్చే గూడ్సులకి దారిచ్చేది. గూడ్సు పోయాక కిటికీ ఊచల మీద ఎర్రటి దుమ్ము మిగిలేది. నేను ఆ దుమ్ము బొట్టు పెట్టుకున్నాను. అప్ప పైట కొంగుతో నా మొహం తుడిచింది. చాలాసేపు పోయాక దూరంగా గోడలా ఏదో కనిపించింది. అదేనా కొండ అని అడిగితే, ఔనంది అప్ప. నేను అంతవరకూ కొండని బొమ్మల్లోనే చూశాను.

గనుల ఊళ్లో రైలు దిగి ఘాట్ రోడ్డు పట్టాక చూస్తే, మనవరాలి తెర మీది కొండల్లా అవి నున్నగా, పచ్చగా లేవు. టేకు ఆకులు రాలి, చెట్లు మోడులై, నేల ఇటుకరంగులో ఉంది. గోడల్లేవు, గొర్రెల్లేవు. కానీ రోడ్డు మాత్రం అదే రోడ్డు. అలాగే ముందొక వంపు చూపించి, అది దాటగానే ఇంకో వంపు చూపించి మనిషిని ఆటపట్టించేది. దారంతా ఇప్పపూలు రాలి ఉన్నాయి, తియ్యగా, మత్తుగా, కాస్త పులిసిన వాసన. నేను ఏరుకుని తింటే నాలిక మీద జిగురు జిగురుగా అంటుకున్నాయి.

మొదటి వంపు దాకా నాన్న నన్ను కేరియరు మీద పెట్టుకుని తొక్కాడు. రెండో వంపులో నన్ను దింపేశాడు. మూడో దాంట్లో తనే దిగాడు. ఇన్నేళ్లు రోజూ ప్లాంటుకి తొక్కిన మనిషి, చొక్కా గుండీలు విప్పుకుని, హ్యాండిలు మీద వాలిపోయి సైకిలు తోస్తుంటే నాకు వింతగా ఉంది. అప్ప కొంచెం తొక్కి, కొంచెం తోసి, ముందు నుంచి మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసేది.

"నాన్నా, కూకుంటావేటి కాసేపు?"

"కూకోడానికి వచ్చినానేటి? నడు నడు."

పైనుంచి కట్టెలమ్మేవాళ్లు సైకిళ్ల మీద మోపులు కట్టుకుని దిగుతున్నారు. ఒక్కొక్కడి వెనకా తాడుతో కట్టిన పెద్ద కొమ్మ, ఆకులతో సహా, రోడ్డు మీద ఈడ్చుకుంటూ వస్తోంది. కొమ్మ బరువుకి సైకిలు పరుగెత్తకుండా నెమ్మదిగా దిగుతోంది. వాళ్లలో ఒకడు నాన్న సైకిలుని ఎగాదిగా చూసి, "బ్రేక్ నఇ హే కా, బాబూ?" అని అడిగాడు. బ్రేకు లేదా అని. నాన్న కుడికాలు ఎత్తి చూపించాడు. వాడు మెరుస్తున్న ఆ చెప్పు చూసి నవ్వుకుంటూ దిగిపోయాడు.

స్కూలంటే రెండు గదులు, ఒక వరండా. పిల్లలు చాపల మీద కూర్చుని ఎక్కాలు చదువుతున్నారు. అప్ప గుమ్మంలోకి రాగానే అందరూ లేచి నమస్తే దీదీ అని అరిచారు. హెడ్మాస్టరు ముసలాయన, చేతులు రెండూ జోడించి, "బిటియా, ఎవరూ ఇక్కడ నిలవడం లేదు, నువ్వైనా నిలువు," అని హిందీలో బతిమాలాడు. నాకు ఆయన నచ్చలేదు. అప్ప ఒక చిన్నపిల్ల పక్కన కూర్చుని పలక మీద ఏదో రాసి చూపించింది. ఆ పిల్ల అప్ప గాజులు పట్టుకుని ఆడింది. అవి నేను ఆడుకునే గాజులు. ఆ క్షణంలో నాకు గట్టిగా అనిపించింది, రోడ్డు బాగోలేదని నాన్న చెప్పేస్తే ఎంత బాగుంటుందో అని.

టీలు తాగి బయల్దేరేసరికి పొద్దు కాస్త వాలింది. దిగే దారి మొదట్లో అప్ప ఆగింది.

"నాన్నా, ఆళ్లలాగే మనం కూడా కొమ్మ కట్టుకుందాం. నీ బండికి బ్రేకుల్లేవు."

"నానేటి కట్టెలమ్ముకుంటన్నానేటి? చిన్నదాన్ని నువ్వెక్కించుకో. నా ఎనకాల నెమ్మదిగా రండి," అన్నాడు నాన్న. పైకి తోసుకుంటూ వచ్చిన సిగ్గు ఇంకా తీరలేదేమో, దిగడంలోనైనా ముందుండాలనుకున్నాడు.

నన్ను అప్ప కేరియరు మీదకి మార్చి, నాన్న గంట కొట్టుకుంటూ బయల్దేరాడు. మొదటి వంపు దాకా దర్జాగానే పోయాడు. తర్వాత కాలు చాచడం చూశాను. చెప్పు టైరు మీద ఆనడం కూడా చూశాను. కిర్రుమనలేదు. రబ్బరు వాసనా రాలేదు. నున్నటి తోలు అట్ట టైరు మీద సబ్బులా జారిపోయింది. నాన్న మళ్లీ పెట్టాడు, మళ్లీ జారింది. "ఓలమ్మో," అని ఆయన గొంతు వినిపించింది, అంతే, వంపు తిరిగాడు. మేం వెళ్లేసరికి సైకిలు ఒక చెట్టుకి తగులుకుని ఉంది. నాన్న పొదలో పడున్నాడు. చెప్పులు రెండూ రోడ్డు మీదే ఉన్నాయి.

కుడిచెయ్యి మణికట్టు దగ్గర వంకరపోయింది. మొహం నిండా గీతలు. నేను కెవ్వుమని ఏడుపందుకున్నాను. అప్ప తన పైట చించి చెయ్యి కట్టింది. కింద పడున్న ఒక పెద్ద కొమ్మ లాక్కొచ్చి, రొట్టెలు కట్టిన గుడ్డ పేలికలు చేసి, తన కేరియరుకి గట్టిగా ముడేసింది. నాన్నని ఆ కేరియరు మీద కూర్చోబెట్టి, ఎడంచేత్తో సీటు పట్టుకోమంది.

"ఇద్దరిని మొయ్యగలవేటే?" అన్నాడు నాన్న పళ్లు బిగించి.

"దాన్ని నడిపిస్తాను. నిన్ను మోస్తాను. కదలకు."

నాన్న సైకిలు ఆ చెట్టు దగ్గరే వదిలేసి, అలా దిగాం. ముందు అప్ప రెండు బ్రేకులూ నొక్కిపట్టుకుని, వెనక నాన్న కళ్లు మూసుకుని, ఆయన వెనక కొమ్మ రోడ్డంతా ఊడ్చుకుంటూ, ఆ కొమ్మ లేపిన ఎర్ర దుమ్ములో చెప్పుల జత చేత్తో పట్టుకుని నేను. ప్రతి వంపులోనూ అప్ప, "వస్తన్నావా?" అని కేకేసేది. నేను దగ్గుతూ వస్తున్నానని అరిచేదాన్ని.

గనుల ఆస్పత్రిలో కట్టు కట్టారు. పెద్దమ్మ పాలు తాగించింది. సాయంత్రం రైల్లో నాన్న కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి, "రోడ్డు మంచిది కాదే. మీ నానమ్మకి అదే సెప్తాను," అన్నాడు. మొండితనం కాదది, భయం. తను పడ్డ చోట కూతురు పడటం ఊహించుకున్నాడు. అప్ప తల ఊపింది. సరేనన్న మాటకి కట్టుబడి ఉండే మనిషి. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోకుండా అలాగే కూర్చుంది. నాకు దాన్ని చూసి జాలేసింది. దానికంటే ఎక్కువ సంతోషమేసింది. రెండూ ఒకేసారి ఎలా వేస్తాయో నాకప్పుడు తెలీదు, ఇప్పుడూ తెలీదు.

ఇంటికొచ్చేసరికి నానమ్మ వాకిట్లో నులకమంచం మీద చుట్ట కాలుస్తోంది. కట్టు చూడగానే చుట్ట తీసింది. అమ్మ లోపలినుంచి పరుగెత్తుకొచ్చింది. నాన్న ఉన్నదున్నట్టు చెప్పాడు, అబద్ధం ఆయనకి చేతకాదు. చెప్పు జారిందన్నాడు, పడ్డానన్నాడు. "ఆ రోడ్డు బాగోనేదమ్మా. దీన్ని పంపడం పడదు," అని ముగించాడు.

నానమ్మ చుట్ట నుసి మంచం కోడుకి దులిపింది.

"సెయ్యిరిగినోడివి కిందకెలాగొచ్చినావురా?"

"ఇదే తెచ్చింది."

"నడిపించిందేటి?"

"సైకిలు మీద. ఎనకాల ఎక్కించుకుని."

నానమ్మ అప్పని తేరిపార చూసింది. చిరిగిన పైట, జుట్టు నిండా ఎర్ర దుమ్ము, నొక్కి నొక్కి వాచిన అరచేతులు. ఆ చేతుల్ని దగ్గరికి తీసుకుని తిప్పి చూసింది.

"అలగైతే ఆ రోడ్డు నీకు బాగోనేదురా. దీనికి బాగానే ఉంది," అని చుట్ట నోట్లో పెట్టేసుకుంది.

అమ్మ గోడవైపు తిరిగి కొంగు నోటికడ్డం పెట్టుకుంది, నవ్వుకో ఏడుపుకో తెలీలేదు. అప్ప అక్కడే నేల మీద కూలబడి, నానమ్మ మోకాళ్ల మీద తల పెట్టి, పొద్దుణ్నుంచి ఆపుకున్నదంతా ఏడ్చేసింది. నేను దానికంటే గట్టిగా ఏడ్చాను. పిల్ల బాగా అలిసిపోయిందన్నారు అందరూ, నాకు అన్నం పెట్టి పడుకోబెట్టారు.

తొలకరి పడ్డాక అప్ప వెళ్లిపోయింది, సైకిలుతో సహా. ఆ స్కూల్లో చాలా ఏళ్లు పనిచేసింది. సెలవులకి వచ్చేది, నాకు జడలు వేసేది, కానీ మాటలన్నీ అక్కడి పిల్లల గురించే. ఇంటికొచ్చిన చుట్టంలా అమ్మ దానికి పళ్లెం పెట్టి వడ్డించేది. నన్ను కన్నది అమ్మే గానీ, నా చిన్నతనం మొత్తం అప్ప చేతిలో ఉండేది. అది అప్పతో పాటే రైలెక్కేసింది.

అప్ప వెళ్లిన మర్నాడు పొద్దున్న నేను పుస్తకాల సంచి తగిలించుకుని అలవాటు కొద్దీ వాకిట్లో నిలబడ్డాను. సైకిలు లేదని గుర్తొచ్చినా కాళ్లు కదల్లేదు. నాన్న మొదటి షిఫ్టుకి వెళ్లిపోయాడు, అమ్మ పొయ్యి దగ్గరుంది. నానమ్మ మంచం మీంచి నన్ను చూస్తూ ఉంది, చూసి చూసి లేచింది. కుళాయి దాటి ఎక్కడికీ వెళ్లని మనిషి, చెప్పులు వేసుకుని, నా సంచి తన భుజానికి తగిలించుకుంది.

"నడు, నాను దిగబెడతాను."

ఇద్దరం నడిచాం. షిఫ్టు సైకిళ్లు గంటలు కొట్టుకుంటూ మా పక్కనుంచి పోయాయి. కొంత దూరం పోయాక నేను ఆవిడ మీద ఉన్న కసి అంతా కూడగట్టుకుని, "నువ్వే పంపీసినావు దాన్ని," అన్నాను.

నానమ్మ ఆగింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. అప్పుడు చూశాను, ఆవిడ ఇంటి దగ్గర్నుంచీ ఏడుస్తూనే వస్తోంది.

"పంపీసినాను. నాకు మాత్రం బాగుందేటే?" అంది.

స్కూలు గేటు వచ్చేదాకా నేను ఆవిడ చెయ్యి వదల్లేదు.